ప్రయాణములయందు కాఫీ సాధనములు

ఇల్లు విడిచి రెండు దినములు బయట నుండవలసి వచ్చినప్పుడు మనకు మొదట జ్ఞప్తికి వచ్చునది భోజనము; ఆ పిమ్మట జ్ఞప్తికి వచ్చునది ప్రాతఃకాలమున త్రాగు వేడి పానీయము. ఇంట నుండగా తల్లి యందిచ్చిన గ్లాసును పుచ్చుకొని త్రాగుటయే గాని, దానివెనుక నెన్ని పనిముట్లు, ఎంత నిప్పు, ఎంత జాగ్రత్త యున్నవో మనము తలపోయము. విహారయాత్రలకును, స్కౌటు శిబిరములకును పోవు బాలబాలికలకును, తీర్థయాత్రలకు బయలుదేరు తలిదండ్రులకును ఉపయోగించునని యెంచి, ప్రయాణమున కాఫీ కాచుకొను సాధనములెట్టివి, అవి ఏ సూత్రముపై పనిచేయును, వానివలన కలుగు అపాయము లేవి యను మూడు సంగతులను ఈ వ్యాసమున సంగ్రహముగా వివరింపనెంచితిమి.

పాతబస్తీయు, ఖహ్వాయు

హైదరాబాదు పాతబస్తీ చాయకు పేరుపొందిన చోటు. చార్మినారు చుట్టునుగల వీథులలో ఇరానీ హోటళ్ల చాయ త్రాగని వారరుదు. అట్టి యూర కాఫీ ముచ్చట యేల యని చదువరులు కొంద రడుగవచ్చును. కాని కాఫీకిని ఈ నగరమునకును గల చుట్టరికము చిన్నది కాదు. చాంద్రాయణగుట్ట చెంత బార్కాస్ అను పేట కలదు. నిజాము ప్రభువుల కొలువున నుండిన అరబ్బు సైనికుల బారకులు అచ్చట నుండుటచే ఆ మాటయే మారి బార్కాస్ అయ్యెను. ఆ సైనికులలో పెక్కుమంది యెమెను దేశమందలి హద్రమౌత్ ప్రాంతమునుండి వచ్చినవారు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరిన పిదప ఆ సైన్యము లేకపోయెను గాని, ఆ కుటుంబముల సంతతివారు ఇచ్చటనే నిలిచి ఈ నగరవాసులైరి.

యెమెను దేశమే కాఫీ పానీయమునకు పుట్టినిల్లని చెప్పదగును. చెట్టు పుట్టినది ఇథియోపియా కొండలలో నైనను, గింజలను వేచి, దంచి, కాచి త్రాగు ఆచారము వ్యాపించినది యెమెను నుండియే. అరబ్బీలో దానిపేరు ఖహ్వా. ఆ మాట తురుష్కభాషలో కహ్వే యనియు, ఇటాలియనులో కఫే యనియు, డచ్చి భాషలో కోఫీ యనియు మారి, తుదకు ఇంగ్లీషు మూలమున మనకు కాఫీ యై వచ్చినది. యెమెను రేవుపట్టణమగు మోఖా పేరు నేటికిని కాఫీ దుకాణములలో వినబడుచునే యున్నది. పదునేడవ శతాబ్దమున బాబా బుడన్ అను ఫకీరు మక్కాయాత్ర నుండి మరలి వచ్చుచు ఏడు కాఫీ గింజలను తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటెనని ఐతిహ్యము. ఆ కొండలకు నేటికిని ఆయన పేరే యున్నది.

ఎడారిలో ఒంటెలపై పోవు అరబ్బుల కాఫీ సరంజామాయే ప్రయాణ సాధనములలో మిక్కిలి పురాతనమైనవానిలో నొకటి. దానిలో ముఖ్యమైనవి నాలుగు: గింజలు వేచుటకు పొడవైన కాడగల ఇనుప గరిటె, దంచుటకు చిన్న రోలు, కాచుటకు దల్లా యను ముక్కుగల చెంబు, త్రాగుటకు పిడిలేని చిన్న గిన్నెలు, ఫింజానులు. వారు కాఫీని పొడిరూపమున గాక పచ్చిగింజలుగానే మోసికొనిపోయెడివారు. దీని కొక కారణము కలదు. పచ్చిగింజ తడి తగులకున్నచో నెలలతరబడి చెడదు. వేచిన గింజ కొన్ని వారములలో పరిమళమును కోల్పోవును. దంచిన పొడి యనినచో కొన్ని దినములలోనే సారహీనమగును. ఏలయన, పొడియైనప్పుడు గాలి సోకు వైశాల్యము బహురెట్లు పెరిగి, పరిమళమునిచ్చు నూనెలు ఎగిరిపోవును. గింజలుగా తీసికొనిపోయి చిన్న మరతో అప్పటికప్పుడు విసరికొనుట నేటి యాత్రికులకును మేలైన పద్ధతియే. మర లేనివారు పొడిని బిగుతైన మూతగల చిన్న డబ్బాలలో నింపి, ఒకటి ముగిసిన పిదపనే మరియొకటి తెరువవలెను.

సమోవారు నేర్పు పాఠము

ఇరానీ హోటళ్లకు పారసీక దేశమునుండి వచ్చిన సమోవారు అను పాత్ర చాయకు సంబంధించినదే యైనను, దాని నిర్మాణము ప్రయాణ సాధనములకు మార్గదర్శకము. ఆ పాత్ర నడుమ నిలువుగా నొక గొట్ట ముండును. గొట్టమున బొగ్గులు మండును, దానిచుట్టును నీరుండును. సామాన్యముగా పొయ్యిపై పెట్టిన గిన్నెకు అడుగున మాత్రమే వేడి తగిలి, తక్కినది ప్రక్కలనుండి గాలిపాలగును. సమోవారులో నిప్పు నీటి నడుమనే యుండుటచే ఆ నష్టము చాలవరకు తప్పును. ఐర్లండు దేశమున బెస్తలును ఆరుబయట పనిచేయువారును వాడుకొనిన ఒకవిధమగు కెటిలులో నిదే సూత్రము కలదు. గుప్పెడు ఎండుపుల్లలతోనే నీరు మరగును.

ఇంధన మెంత వలయునో లెక్క కట్టుట విద్యార్థులకు మంచి యభ్యాసము. ఒక లీటరు నీటిని 25 డిగ్రీల నుండి 95 డిగ్రీలకు వేడిచేయుటకు 70 కిలో క్యాలరీల వేడి కావలెను. ఒక గ్రాము స్పిరిటు మండిన ఇంచుమించు ఆరు కిలో క్యాలరీలు పుట్టును. కావున వేడి యంతయు నీటికే చేరినచో 12 గ్రాముల స్పిరిటు చాలును. కాని ఆరుబయట సగమునకు పైగా గాలిలో కలిసిపోవును గనుక 25 మొదలు 30 గ్రాముల వరకు పట్టును. పొయ్యిచుట్టు గాలికి అడ్డుగా నొక రేకు నిలిపి, గిన్నెపై మూత పెట్టినచో ఈ నష్టము చాల తగ్గును. రేకునకు వెల లేదు, బరువు లేదు. అయినను దానిని మరచువారే హెచ్చు.

మరచెంబు, ఫిల్టరు, కళాయి

తెలుగువారి ప్రయాణ పాత్రలలో ప్రధానమైనది మరచెంబు. ఇత్తడి చెంబునకు మరలు త్రిప్పిన మూత బిగించి, నీరు చిందకుండ చేసిన యీ పాత్రను చేతబుచ్చుకొనని యాత్రికుడు వెనుకటి తరమున నుండెడివాడు కాడు. దానికి జతగా వచ్చినది రెండరల ఇత్తడి ఫిల్టరు. పై యరకు అడుగున సన్నని రంధ్రము లుండును. అందు పొడి పోసి, కాడగల చిల్లుల బిళ్లతో మెల్లగా నొత్తి, మరగిన నీరు పోసినచో డికాక్షను బొట్టుబొట్టుగా క్రింది యరలోనికి దిగును. ఈ సాధనమునకు కాగితము అక్కరలేదు, విద్యుత్తు అక్కరలేదు. నీరు పోసిన పిదప నిప్పుతో పని లేదు. రాత్రి పండుకొనబోవు ముందు పోసినచో తెల్లవారునప్పటికి డికాక్షను సిద్ధము. రెండరలు ఒకదానిలో నొకటి యిమిడి స్థలమును ఆక్రమింపవు. శిబిరమునకు ఇంతకంటె ననువైనది యరుదు.

చార్మినారునకు చేరువనుగల కసార్‌హట్టా ఇత్తడి, రాగి సామానులకు పేరొందిన బజారు. కసార్ అనగా కంచరి. ఇచ్చట కొనిన పాత్రయైనను, తాతలనాటి పాత్రయైనను, ఇత్తడి పాత్రను కాఫీకి వాడదలచువారు ముందుగా లోపలి కళాయిని పరీక్షింపవలెను. ఇత్తడి యనగా రాగియు తుత్తునాగమును కలిసిన లోహము. కాఫీ డికాక్షను కొంచెము పులుపు స్వభావము కలది. అది రాత్రియంతయు కళాయిలేని ఇత్తడిలో నిలిచిన రాగి కరగి డికాక్షనులో చేరును. పాత్రకు పచ్చని చిలుము పట్టును. త్రాగినవారికి కడుపులో త్రిప్పుటయు వాంతులును కలుగవచ్చును. దీనిని నివారించుటకే పూర్వులు తగరపు పూత, అనగా కళాయి, పెట్టించెడివారు.

కళాయి పెట్టు విధము చూడదగిన రసాయన ప్రయోగము. పనివాడు నేలలో చిన్న గుంట త్రవ్వి, తిత్తితో బొగ్గులు రాజేసి, బాగుగ తోమిన పాత్రను దానిపై కాల్చును. పాత్ర కాగిన పిదప లోపల నవాసారము, అనగా నౌసాదర్, చల్లును. తెల్లని పొగ లేచి, లోహముపైనున్న మాలిన్యము తొలగును. వెంటనే తగరపు ముక్కను తాకించినచో అది కరగును. దానిని దూదితో లోపలంతట పులిమినచో పాత్ర వెండివలె మెరయును. తగరము 232 డిగ్రీల వేడికే కరగును. కావున కళాయి పాత్రను నీరు లేకుండ ఉత్తగా పొయ్యిపై పెట్టరాదు. పెట్టినచో పూత కరగి చెడును. నీరున్నంతవరకు పాత్ర వేడి నూరు డిగ్రీలను మించదు గనుక భయము లేదు. స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చిన పిదప కళాయి పనివారు అరుదైరి. ఇంట ఇత్తడి పాత్రలున్నవారు వానిని అటకపై పెట్టి మరచుటకంటె, పనివానిని వెదకి కళాయి పెట్టించుట పాత్రకును పనివానికిని మేలు. అట్టివాడు దొరకనిచో స్టీలు ఫిల్టరును కొనవలెనే గాని పూత పోయిన ఇత్తడిని వాడరాదు.

నవీన సాధనములు

కాఫీ కాచుట యనగా వేడినీటిచే పొడిలోని సారమును కరగించుట. మొదట పరిమళమును పులుపును దిగును. తరువాత తీపి దిగును. మిక్కిలి కాచినచో చేదు దిగును. పొడి యెంత సన్నమైన అంత త్వరగా సారము దిగును. నీటివేడి 90 మొదలు 96 డిగ్రీల నడుమ నుండుట మంచిది. హైదరాబాదు సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైబడి యున్నది గనుక ఇచ్చట నీరు 98 డిగ్రీల చెంతనే మరగును; ప్రతి 300 మీటర్ల ఎత్తునకు ఇంచుమించు ఒక డిగ్రీ తగ్గును. కావున మరగిన నీటిని అరనిముసము ఆగి పోసినచో చాలును. ఈ సూత్రమును గ్రహించినవారు ఏ సాధనముతోనైనను మంచి కాఫీ చేయగలరు.

పలు దేశములవారు పలు సాధనములను కల్పించిరి. జర్మనీలో మెలిట్టా బెంజ్ అను గృహిణి 1908లో కాగితపు వడపోతను కనిపెట్టెను. ఆమె మొదట వాడినది తన కుమారుని పాఠశాల పుస్తకములోని అద్దుడు కాగితము. పొడిని నీటిలో నానవేసి, జల్లెడ బిళ్లను క్రిందికి నొక్కు గాజు పాత్రకు 1929లో ఇటలీలో పేటెంటు పొందబడెను. ఇది రుచికరమే గాని గాజు పగులును. ప్రయాణమునకు స్టీలుది మేలు. ఇటలీలోనే 1933లో వచ్చిన మోకా పాత్రలో అడుగు గదిలోని నీరు కాగినప్పుడు పుట్టు ఆవిరి యొత్తిడిచే వేడినీరు పొడిగుండ పైగదికి ఎగయును. దీనికి ప్రక్కన చిన్న రక్షణకవాటము ఉండును; దానిని మట్టితో గాని మరకతో గాని మూసికొననీయరాదు. 2005లో అమెరికాలో ఆలన్ ఆడ్లర్ అనునాతడు ఏరోప్రెస్ అను సాధనమును అమ్మకమునకు తెచ్చెను. పెద్ద పిచికారివంటి ప్లాస్టిక్ గొట్టమది; తేలిక, పగులదు, నిముసమున పని ముగియును.

వీని వెల విని పేదవిద్యార్థులు నిరుత్సాహపడ నక్కరలేదు. మరగిన నీటిలో పొడి వేసి, మూతపెట్టి, నాలుగు నిముసము లాగి, ఉతికిన పలుచని నూలుగుడ్డలో వడకట్టుట మన యిండ్లలో తరతరములుగా నున్న పద్ధతి. రుచిలో అది దేనికిని తీసిపోదు. ఒక చెంబు, ఒక గుడ్డ, ఒక గరిటె; ఇంతే సరంజామా. గుడ్డను సబ్బుతో నుతుకక వేడినీటిలో జాడించి ఎండలో నారవేయవలెను.

కాచిన దానిని వేడిగా నుంచుటకు థర్మాసు ఫ్లాస్కు కలదు. 1892లో జేమ్స్ డ్యూవర్ అను శాస్త్రజ్ఞుడు మిక్కిలి చల్లని ద్రవములను నిలువయుంచుటకై దీనిని లండనులో నిర్మించెను. 1904 మొదలు జర్మనీలో వ్యాపారమునకై తయారు చేయసాగిరి. రెండు గోడల నడుమ గాలి లేకుండుటచే ఉష్ణవహనమును సంవహనమును ఆగును. గోడలకు పాదరసపు అద్దమువలె మెరుగుపూత యుండుటచే వికిరణము ఆగును. కాఫీ పోయుటకు ముందు వేడినీటితో నొకసారి తొలిచినచో వేడి యెక్కువసేపు నిలుచును. పాలు కలిపిన కాఫీ నులివెచ్చనై గంటలతరబడి యున్నచో సూక్ష్మజీవులు పెరుగును. కావున దూరప్రయాణమున డికాక్షనును మాత్రమే ఫ్లాస్కులో నుంచి, పాలను అప్పటికప్పుడు కలిపికొనుట యుక్తము.

నిప్పు విషయమై హెచ్చరిక

ఈ వ్యాసమున మేము ముఖ్యముగా చెప్పదలచినది ఈ భాగమే. కాఫీ సాధనములలో పాత్ర యెన్నడును ప్రాణము తీయదు, పొయ్యి తీయగలదు.

మొదటిది, రైలు. 2023 ఆగస్టు 26వ తేదీ తెల్లవారుజామున మదురై స్టేషనులో నిలిచియున్న యాత్రికుల పెట్టె యొకటి అగ్నికి ఆహుతియై తొమ్మండుగురు మరణించిరి. వారు లక్నో నుండి బయలుదేరిన యాత్రికులు. నిషేధమును మీరి పెట్టెలోనికి తెచ్చిన గ్యాస్ సిలిండరే దానికి కారణమని రైల్వేవారు ప్రకటించిరి. రైలుపెట్టెలో స్టవ్వు, గ్యాసు, కిరసనాయిలు, స్పిరిటు తీసికొనిపోవుట నేరము. అది చట్టమునకు భయపడి కాక, తోటి యాత్రికుల ప్రాణములను తలచి మానవలసిన పని. రైలులో వేడికాఫీ కావలసినవారికి ఫ్లాస్కే శరణ్యము.

రెండవది, డేరా. చలికి గాని వానకు గాని వెరచి బొగ్గుల కుంపటిని డేరాలోనికి తెచ్చి తలుపు మూయరాదు. బొగ్గు చాలినంత గాలి లేక మండినప్పుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హెమోగ్లోబిను ప్రాణవాయువు కంటె రెండువందల రెట్ల యాసక్తితో దీనిని పట్టుకొనును. తలనొప్పి, మగత కలిగి, నిద్రలోనే ప్రాణము పోవును. కుంపటి సగము ఆరినను ఈ యపాయము పోదు.

మూడవది, స్పిరిటు పొయ్యి. ఇద్దరు ముగ్గురకు ఇది తేలికైన సాధనమే. కాని పగటివెలుగున స్పిరిటు మంట కంటికి కానరాదు. ఆరినదని భ్రమించి సీసానుండి మరల స్పిరిటు పోయువారి చేతిలోనే సీసా భగ్గుమనును. మొదటి స్పిరిటు పూర్తిగ కాలిపోయి, పొయ్యి చేతికి చల్లగా తగిలినగాని మరల పోయరాదు. స్వీడనుదేశపు లిండ్‌క్విస్టు 1892లో కనిపెట్టిన ప్రైమసు స్టవ్వు కిరసనాయిలును ఆవిరిచేసి మసి లేకుండ నీలిమంటతో మండించును. 1911లో దక్షిణధ్రువమును చేరిన అముండ్‌సెను వెంట పోయినది అదియే. మన యిండ్లలోను చిరకాలము వాడుకలో నుండెను. దానిని ముట్టించుటకు అభ్యాసము కావలెను గనుక పెద్దలు లేకుండ పిల్లలు దానిని తాకరాదు.

నాలుగవది, అడవి. అనంతగిరి కొండలవంటి చోట్లకు పోవువారు అటవీశాఖవారి యనుమతి లేనిదే నిప్పు రాజేయరాదు. వేసవిలో ఎండుటాకులపై నొక్క నిప్పురవ్వ పడిన చాలును. అనుమతించిన చోటనైనను నేలను శుభ్రముచేసి, చుట్టు రాళ్లు పేర్చి, పని ముగియగనే నీరు పోసి, బూడిదను కలియబెట్టి, అరచేయి దగ్గరగా నుంచి వేడి లేదని తెలిసికొనిన పిదపనే కదలవలెను.

పండ్రెండుమందికి లెక్క

పండ్రెండుగురు రెండుదినములు శిబిరమున నుండి, ఉదయము సాయంకాలము నొక్కొక్క గ్లాసు త్రాగుదు రనుకొనుడు. మొత్తము 48 గ్లాసులు. గ్లాసునకు 10 గ్రాముల పొడి చొప్పున 480 గ్రాములు. పొడిపై పోయు నీరు గ్లాసునకు 60 మిల్లీలీటర్లు. అందు 20 వరకు పొడియే పీల్చుకొనగా 40 డికాక్షనుగా దిగును. పాలు గ్లాసునకు 100 మిల్లీలీటర్ల చొప్పున 4.8 లీటర్లు, పాలపొడి యైనచో 600 గ్రాములు. పంచదార గ్లాసునకు 8 గ్రాముల చొప్పున 384 గ్రాములు. మొత్తము బరువు ఒకటిన్నర కిలోలలోపే. పండ్రెండుగురు పంచుకొనినచో తలకు 122 గ్రాములు. ఒక్కని వీపున నంతయు మోపుట అన్యాయము.

పదుమూడేండ్లలోపు పిల్లలకు కాఫీ యలవాటు చేయకుండుటయే మంచిది. అందలి కెఫీను నిద్రను చెరచును. అదే చెంబులో నీరు మరగించి, శొంఠియు బెల్లమును వేసి వడకట్టినచో వారికి హితమైన పానీయమగును. యెమెనువారును కాఫీకాయల పైపొట్టును అల్లముతో కాచి ఖిష్‌ర్ అను పేర త్రాగుదురు. ఇక పొడి కొనదలచువారు విశాఖ మన్యమందలి అరకు కాఫీని పరీక్షించి చూడవచ్చును. అచ్చటి గిరిజన రైతులు నీడచెట్ల క్రింద పండించు ఆ గింజకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది.

తుదిమాటగా, ఒంటరిగా రైలున పోవువారికి ఫ్లాస్కు. ఇద్దరు ముగ్గురకు చిన్న పొయ్యియు గుడ్డయు. శిబిరమునకు పెద్ద ఫిల్టరు. ఇవి చాలునని మా యభిప్రాయము. విద్యార్థులు రానున్న యాత్రకు ముందు ఇంటి పెరటిలో నొకసారి పెద్దల యెదుట వీనిని వాడి నేర్చుకొందురుగాక. నీటి లెక్క, నిప్పు లెక్క ముందుగా తెలిసినవానికి ఎచ్చట నున్నను ఇంటివలెనే యుండును.